ముప్పై ఎనిమిదో నంబరుకు రాగం లేదు

నాలుగేళ్లపాటు నేను ఏ తత్వమూ లేకుండానే పిల్లలకు సంగీతం చెప్పాను. అది తప్పని నాకు తెలియదు. పొద్దున ప్రార్థన పాడించేదాన్ని. మధ్యాహ్నం శ్రుతిపెట్టె ముందు కూర్చోబెట్టి స్వరాలు చెప్పేదాన్ని. పిల్లలు పాడేవాళ్లు. కొందరు బాగా పాడేవాళ్లు, కొందరు గట్టిగా పాడేవాళ్లు. ఆగస్టు పదిహేను వచ్చినప్పుడు రెండో రకం వాళ్లే ఎక్కువ ఉపయోగపడేవాళ్లు.

ఈ జూన్‌లో నన్ను కొత్తగా తెరిచిన బాలికల గురుకులానికి పంపారు. సొంత భవనం ఇంకా రాలేదు కాబట్టి ఊరి చివర ఒక ఫంక్షన్ హాల్‌ను అద్దెకు తీసుకుని నడుపుతున్నారు. పెళ్లికొడుకు, పెళ్లికూతురు కూర్చునే స్టేజీ మీద ప్రార్థన, విందు హాల్లో తరగతి. ఉన్నది ఒకే తరగతి, ఆరోది. ముప్పై ఎనిమిది మంది ఆడపిల్లలు.

సెప్టెంబరులో సర్క్యులర్ వచ్చింది.

"గురుకులములందు పనిచేయు బోధనా సిబ్బంది యావన్మందియు తమ తమ వ్యక్తిగత బోధనా తత్వమును రెండు వందల యాభై పదములకు తగ్గకుండా ఈ దినము సాయంత్రము ఐదు గంటలలోగా వెబ్‌సైటునందు నమోదు చేయవలెను. తత్వము లేని కాంట్రాక్టు సిబ్బంది యొక్క పునరుద్ధరణ పరిశీలింపబడదు."

నేను కాంట్రాక్టు సిబ్బందిని. మా ఇంట్లో డిగ్రీ సర్టిఫికెట్‌ను చేత్తో ముట్టుకున్న మొదటి మనిషిని. రెండో మనిషి మా నాయన. ఆయన మగ్గం గుంటలోంచి లేచి చేతులు కడుక్కుని దాన్ని పట్టుకెళ్లి, ముందూ వెనకా ప్లాస్టిక్ వేయించుకొచ్చారు.

స్టాఫ్ రూమంటే మాకు పెళ్లికూతురు గది. అందులో అద్దాల ముందు కూర్చుని అందరూ తత్వాలు రాస్తున్నారు. సైన్స్ మేడం తన తత్వాన్ని ఫోన్లోంచి దింపుకున్నారు. సోషల్ మేడం దాన్నే తీసుకుని "ప్రయోగం" అన్నచోటల్లా "చరిత్ర" అని మార్చుకున్నారు. నేను మాత్రం సొంతంగా రాయాలనుకున్నాను. ఇంటికి మొదటి డిగ్రీ తెచ్చినవాళ్లకు ఉండే జబ్బు ఇది. ఏ ఫారం ఇచ్చినా నిజంగానే నింపుతాం.

సంగీత కళాశాలలో మా గురువుగారు మూడేళ్లలో నాకు చెప్పిన తత్వం "నోరు తెరువు" అన్న రెండు మాటలే. ఇంకా రెండు వందల నలభై ఎనిమిది కావాలి. రెండు గంటలు ఆలోచించాక ఇలా రాశాను: "ప్రతి బిడ్డలోనూ పుట్టుకతోనే ఒక రాగం నిద్రిస్తూ ఉంటుంది. ఆ రాగాన్ని కనుగొని మేల్కొల్పడమే నా బోధన." చదువుకుంటే నా కళ్లే చెమర్చాయి. మిగతా పదాల కోసం ఆ రాగాన్ని దీపంతోనూ, విత్తనంతోనూ, ఊటబావితోనూ పోల్చాను. ఇంత లోతైన మనిషిని నాలుగేళ్లు ఎందుకు గుర్తించలేదా అని నా మీద నాకే గౌరవం కలిగింది.

మరునాడు పదకొండింటికి పురుషోత్తం గారు ఫోన్ చేశారు. ఆయన మా ప్రాంతీయ తాత్విక సమన్వయాధికారి. ఆ పదవి సర్క్యులర్‌తోపాటే పుట్టింది. అంతకుముందు ఆయన హాస్టళ్లకు వచ్చే బియ్యం నాణ్యత చూసేవారు. తత్వం అదనపు బాధ్యత.

"చాలా ఉన్నతమైన తత్వం అమ్మా" అన్నారు. "ఇప్పటికి రెండు వందల పన్నెండు తత్వాలు చూశాను. నూకలు లేనిది మీదొక్కటే. అయితే ఒక లోపం గమనించడమైనది. ఏ బిడ్డలో ఏ రాగం ఉన్నదో మీరెక్కడా పేర్కొనలేదు. అనుబంధం రెండులో విద్యార్థినుల వారీ వివరాలు సాయంత్రం ఐదులోగా సమర్పించగలరు."

అది మాటవరసకు అన్నదని చెప్పబోయాను. ఆయన ఒక్కటే అడిగారు, రాగం ఉన్నదా లేదా అని. లేదంటే తత్వం పోతుంది. ఉంది సార్ అన్నాను. అయితే రాయండి అన్నారు.

నిజాయితీగానే మొదలుపెట్టాను. పిల్లల్ని ఒక్కొక్కరిని పిలిచి "ఆ" అనమన్నాను. మొదటి అమ్మాయి సిగ్గుపడింది. రెండో అమ్మాయి తుమ్మింది. మూడో అమ్మాయి డాక్టరనుకుని నాలుక బయటపెట్టింది. నాలుగూ నలభై అయింది. అప్పుడు నేను చేసిన పని చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ చెబుతాను. హాజరుపట్టీ ఎడంపక్కన పెట్టుకున్నాను. సంగీతం పాఠ్యపుస్తకం తెరిచి రాగాల సూచిక కుడిపక్కన పెట్టుకున్నాను. ఒకటో నంబరు అంకం సౌజన్యకు సూచికలో మొదటిదైన మాయామాళవగౌళ. తొమ్మిదో నంబరు ఏనుగు హారికకు తొమ్మిదోదైన మోహన. ఇరవై ఏడో నంబరు పిట్టల లావణ్యకు ముఖారి. అలా దిగుకుంటూ వచ్చాను.

సూచికలో ముప్పై ఏడు రాగాలే ఉన్నాయి. హాజరుపట్టీలో ముప్పై ఎనిమిది పేర్లున్నాయి. ఆ చివరి పేరు కడారి కొమురమ్మ. వాళ్ల వాళ్లు గొర్ల మందతో ఊళ్లు తిరిగి ఆగస్టులో గానీ రాలేదు కాబట్టి ఆ పిల్ల ఆలస్యంగా చేరింది. ఆమె పేరు ఎదుట ఒక గీత పెట్టాను. చిన్న గీతే, అర అంగుళం కూడా ఉండదు. నాలుగూ యాభై ఎనిమిదికి పంపేశాను.

వారం తిరక్కుండా నా తత్వం ఉత్తమ తత్వంగా ఎంపికైంది. మా గురుకులం ప్రయోగాత్మక కేంద్రమైంది. పిల్లల మెడల్లో కార్డులు వేలాడాయి. వాటి మీద పేరు, రక్తం గ్రూపు, రాగం. ప్రిన్సిపాల్ సులోచన మేడం నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పారు. మళ్లీ కావాలి కాబట్టి సాయంత్రం తిరిగి తీసుకున్నారు.

పది రోజులకు నేనూ నమ్మడం మొదలుపెట్టాను. హారిక నడుస్తుంటే ఆ నడకలో నాకు మోహన కనిపించేది. లావణ్య బుగ్గకు చెయ్యి ఆనించుకుని కిటికీ దగ్గర నిలబడితే, చూశారా ముఖారి, అని సైన్స్ మేడంకు చూపించాను. ఆ పిల్లకు అప్పుడు పంటి నొప్పి అని తర్వాత తెలిసింది.

ముఖారిని దుఃఖానికి వాడతారని ఎవరో చెప్పినట్టున్నారు, ఆదివారం లావణ్య తల్లి నేరుగా నా దగ్గరికే వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని నిలబడింది.

"మా పిల్లకు ఏడుపు రాగం రాసినవంట గద మేడం. గా పక్క పిల్లకు కల్యాణి రాసినవ్. మేమేం పాపం జేసినం?"

ముఖారిలో భక్తి కూడా ఉంటుందని, గంభీరంగా ఉంటుందని చాలాసేపు చెప్పాను. ఆమె అంతా విని, గంత మంచిదైతే నువ్వే పెట్టుకో, మా పిల్లకు వేరేది రాయి, అంది. వెబ్‌సైటులో ఎక్కింది మార్చడానికి వీల్లేదన్నాను. పోతూ పోతూ, ఈ బడిలో పాట కూడా రేషన్ కార్డు తీరుగనే ఉందని వాచ్‌మన్‌తో అన్నదట.

ఆమె మాట ఊరికే పోలేదు. అక్టోబరులో రెండో ఉత్తర్వు వచ్చింది. "విద్యార్థినులు తమకు నిర్ధారించబడిన రాగమునందు మాత్రమే గానము చేయవలెను. అన్యరాగ సంపర్కము వలన అంతర్గత రాగమునకు భంగము వాటిల్లు అవకాశము కలదు." కింద నా తత్వంలోంచి ఒక వాక్యం ఎత్తి రాశారు: "దీపం పక్కన గాలి వీచకుండా చూడటమే గురువు పని." చక్కటి వాక్యం. రాసినప్పుడు దాని అర్థం నాకూ తెలియదు.

ఒక బిడ్డకు ఒక రాగం. ముప్పై ఏడు రాగాలు, నలభై ఐదు నిమిషాల పీరియడ్. ఒక్కొక్కరు లేచి నిమిషం పాడి కూర్చుంటారు, మిగతావాళ్లు పెదాలు బిగించుకుని వింటారు. ఇద్దరు కలిసి పాడటానికి లేదు. మా ప్రార్థన గీతం మోహనలో ఉంది కాబట్టి దాన్ని పాడే అర్హత ఏనుగు హారికకు మాత్రమే మిగిలింది. రోజూ పొద్దున ఆ పిల్ల స్టేజీ మీద ఒంటరిగా నిలబడి బక్క గొంతుతో పాడేది. కింద అందరం చేతులు కట్టుకునేవాళ్లం. పదిహేను రోజులకు హారికకు గొంతు పోయి, జ్వరం వచ్చింది. రెండు రోజులు ప్రార్థన లేకుండానే బడి జరిగింది.

మూడో రోజు కొమురమ్మ నా దగ్గరికి వచ్చింది. అప్పటిదాకా ఆమె సంగీతం పీరియడంతా గోడవారన కూర్చునేది. ఆమె కార్డులో రాగం అన్నచోట నా గీత అచ్చయి ఉంది.

"మేడం, నాకు ఏ రాగం లేదంట గద."

లేదన్నాను.

"మరి నేను ఏదన్న పాడొచ్చా?"

ఉత్తర్వు తీసి మూడుసార్లు చదివాను. నిర్ధారించబడిన రాగం ఉన్నవాళ్లు అందులో మాత్రమే పాడాలి. లేనివాళ్ల గురించి ఒక్క అక్షరం లేదు. పాడొచ్చన్నాను.

కొమురమ్మ గొంతు గురించి చెప్పాలి. దానికి ఎక్కడం, దిగడం లేవు. వాగుకు అవతల ఉన్న మందను పిలిచే గొంతు. ఏ పాటైనా ఒకే స్వరం మీద పట్టాల మీద రైలులా పోతుంది. ఆ రోజు ఆమె స్టేజీ ఎక్కి ప్రార్థన అందుకుంటే, గేటు దగ్గర వాచ్‌మన్ తననే ఎవరో పిలుస్తున్నారనుకుని లోపలికి పరుగెత్తుకొచ్చాడు. కానీ పిల్లల ముఖాలు చూశాను. ఇన్నాళ్ల తర్వాత వాళ్లు నవ్వుతున్నారు. నోళ్లు మూసుకునే పాదాలతో తాళం వేస్తున్నారు.

రాగాలున్న ముప్పై ఏడు మందికీ నోరు లేదు. రాగం లేని ఒక్క పిల్లకు అన్ని పాటలూ ఉన్నాయి. ఆటల పీరియడ్‌లో అందరూ ఆమె చుట్టూ చేరేవారు. పల్లిపట్టీలిచ్చి, జడలు వేసి, బతుకమ్మ పాటలు, బడి పాటలు, టీవీలో ప్రకటనలు పాడించుకునేవారు. సంగీతం టీచర్‌ను నేనే అయినా పిల్లలు పాట కోసం కొమురమ్మ దగ్గరికి వెళ్లేవారు. నా దగ్గరికి కార్డు పోయినప్పుడు వచ్చేవారు.

ఇది ఎన్నాళ్లో సాగదని నాకు తెలియాల్సింది. నవంబరు చివర ప్రిన్సిపాల్ మేడం పిలిచి ఒక కాగితం ముందు పెట్టారు. మా రాగ నిర్ధారణ తొంభై ఏడు పాయింట్ మూడు ఆరు శాతం దగ్గర ఆగిపోయిందట. సంతృప్త స్థాయి అంటే నూరు. కొమురమ్మకు రాగమైనా చూపాలి, లేకపోతే పథకం అమలులో లేని మరో గురుకులానికి ఆమెను బదిలీ అయినా చేయాలి. ఆ గురుకులం తొంభై కిలోమీటర్ల దూరంలో ఉంది. బదిలీకి నిర్ధారణ అధికారి ధ్రువపత్రం కావాలి. నిర్ధారణ అధికారిని నేనే.

ఆ రాత్రే ఏదో ఒక రాగం రాసేద్దామని వెబ్‌సైటు తెరిచాను. మోహన నొక్కితే "ఈ రాగము ఇదివరకే కేటాయించబడినది" అని ఎర్ర అక్షరాలు వచ్చాయి. కల్యాణి నొక్కినా అంతే. ముప్పై ఏడూ నొక్కాను. పుస్తకంలో లేని రాగాన్ని టైపు చేస్తే "గుర్తింపు లేని రాగము" అంది.

కబురు అంది కొమురమ్మ తల్లి లింగమ్మ వచ్చింది. అరవలేదు, ఏడవలేదు. నీళ్లు తాగి, గ్లాసు కడిగి పెట్టి, చెప్పదలుచుకున్నది చెప్పింది.

"గంత దూరం నేను పంప మేడం. ఈడైతే మంద ఎటు తిరిగినా నెలకోపాలి చూసిపోతున్న. తీసేస్తే తీసెయ్యి. గొర్ల కాడికి తోల్కపోత. మా ఇంట్ల బడి మొకం చూసింది గిదొక్కతే."

గిదొక్కతే అన్న మాట దగ్గర నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

డిసెంబరు మొదటి సోమవారం పురుషోత్తం గారు తనిఖీకి వచ్చారు. టేబుల్ మీద ధ్రువపత్రం సిద్ధంగా ఉంది: "పై విద్యార్థినియందు ఏ రాగమూ లేదని నా వ్యక్తిగత తత్వమును అనుసరించి ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." దాని పక్కనే నా పునరుద్ధరణ ఫైలు. సంతకం ఒక దాని మీద పడితే రెండోది కదులుతుందని ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేదు. ప్రిన్సిపాల్ మేడం పెన్ను మూత తీసి ఇచ్చారు.

పెన్ను అందుకున్నాను. నాకు ధైర్యం వచ్చిందని చెప్పను. మా నాయన వేయించిన ప్లాస్టిక్ కూడా గుర్తొచ్చింది. కానీ ఆ పిల్లలో ఏమీ లేదని రాయాలంటే, మిగతా ముప్పై ఏడు మందిలో ఏదో చూసినదాన్నై ఉండాలి కదా.

"సంతకం పెట్టలేను సార్" అన్నాను. "ఎవరిలో ఏ రాగం ఉందో నాకు తెలియదు. హాజరుపట్టీ ఎడంపక్కన, పుస్తకంలో సూచిక కుడిపక్కన పెట్టుకుని వరసగా రాసుకుంటూ పోయాను. సూచిక ముందు అయిపోయింది. అంతే."

ప్రిన్సిపాల్ మేడం ఫ్యాన్ వైపు చూశారు. పురుషోత్తం గారు కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఎంత సమయం పట్టింది?"

"పద్దెనిమిది నిమిషాలు సార్."

"ఎంతమంది సిబ్బంది?"

"నేనొక్కదాన్నే సార్."

ఆయన డైరీ తెరిచి రాసుకున్నారు. రాస్తూనే చెప్పారు, పక్క ప్రాంతంలో నా తత్వం అమలు చేయడానికి ఏడుగురు విద్వాంసులతో కమిటీ వేశారట. నెలన్నర నుంచి ఇద్దరు పిల్లల దగ్గరే ఉన్నారట. రెండో పిల్ల దగ్గర వాళ్లలో వాళ్లకు మాటలు లేవట.

"శాస్త్రీయత అంటే ఏమిటమ్మా? ఎవరు చేసినా ఒకే ఫలితం రావాలి. మీ పద్ధతిలో నేను చేసినా ఇదే వస్తుంది, వాచ్‌మన్ చేసినా ఇదే వస్తుంది. దీన్ని వరుసక్రమ నిర్ధారణ పద్ధతిగా పైకి ప్రతిపాదిస్తున్నాను."

నేను చేసిన తప్పును నా చేతుల్లోంచి తీసుకుని ఆయన పద్ధతి చేశారు. ఒప్పుకోవడం కూడా నాకు సరిగ్గా చేతకాలేదు.

ముప్పై ఎనిమిదో నంబరు సంగతి ఏమిటని ప్రిన్సిపాల్ మేడం అడిగారు.

"సూచిక అయిపోతే మళ్లీ మొదటికి రావాలి" అన్నారాయన, ఇంత చిన్న విషయం తెలియదా అన్నట్టు. "బస్తాలు ఎక్కువై గదులు తక్కువైతే ఏం చేస్తాం? మొదటి గది నుంచి రెండో వరస పేరుస్తాం."

అక్కడికక్కడే ఎవరికో ఫోన్ చేసి వెబ్‌సైటులో మాయామాళవగౌళకు తాళం తీయించారు. కొమురమ్మ పేరు ఎదుట నా గీత పోయి మాయామాళవగౌళ పడింది. నూరు శాతం. కేటాయింపుల్లో మార్పు జరిగింది కాబట్టి గోడకు నోటీసు అంటించి మూడు రోజులు అభ్యంతరాలు స్వీకరించాలని, వాటిని నిర్ధారణ అధికారి స్థాయిలోనే పరిష్కరించవచ్చని చెప్పి, టీ తాగి వెళ్లిపోయారు.

లింగమ్మకు ఫోన్ చేసి పిల్ల ఇక్కడే ఉంటుందని చెప్పాను. అటునుంచి గొర్ల అరుపులు, మధ్యలో ఆమె మాట: సల్లగుండు మేడం.

ఆ సంతోషం పూట కూడా నిలవలేదు. కొత్త కార్డు మెడలో వేసుకుని కొమురమ్మ వచ్చింది.

"గిప్పుడు నేను ప్రార్థన పాడొద్దా మేడం?"

వద్దన్నాను. బతుకమ్మ పాట? వద్దు. టీవీ పాట? వద్దు. బడిలో మిగిలిన ఒక్క నోరూ నేనే మూయించాను.

"మరేం పాడాలె?"

మాయామాళవగౌళ అంటే ఏమిటో ఆమెకు చెప్పాను. సంగీతం నేర్చుకోవడానికి కూర్చున్న ఏ పిల్లకైనా మొదటిరోజు చెప్పేది ఆ రాగమే. సరిగమలు అందులోనే మొదలవుతాయి. పుస్తకం సూచికలో అది మొదట ఉన్నది అందుకే. రెండు నెలలుగా ఒక్కతే సరిగమలు అనుకుంటున్న అంకం సౌజన్య ఈ మాట విని చాప లాక్కుని వచ్చి కొమురమ్మ పక్కన కూర్చుంది. ఒకే రాగం ఉన్న ఇద్దరు కలిసి పాడకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. శ్రుతిపెట్టె పెట్టాను.

ఇద్దరూ పాడారు. ఒక గొంతు మెట్లెక్కుతోంది, రెండోది గుమ్మంలోనే నిలబడి ఉంది. అయినా అక్టోబరు తర్వాత ఆ హాల్లో రెండు గొంతులు కలవడం అదే మొదటిసారి. మిగతా పిల్లలు కంచాలు కడగడం ఆపి వచ్చి చుట్టూ నిలబడ్డారు. పిట్టల లావణ్య చెయ్యెత్తింది.

"మేడం, అభ్యంతరం అంటే ఎవరన్న పెట్టొచ్చా?"

మరునాడు నా టేబుల్ మీద ముప్పై ఆరు దరఖాస్తులున్నాయి. అన్నీ నోటుపుస్తకం చించిన కాగితాలే. రాగం మార్చి మాయామాళవగౌళ ఇవ్వవలసిందని కోరిక. కారణం అన్నచోట చాలామంది "కొమురమ్మతోని పాడనీకి" అని రాశారు. హారిక "ఒక్కదాన్నే పాడితే గొంతు నొస్తుంది" అని రాసింది. లావణ్య రాసింది: "నాకు ఏడ్వ బుద్ధయితలేదు."

తాళం తీయించినవాళ్లు మళ్లీ వేయించడం మరిచిపోయారు. ముప్పై ఆరింటినీ నా స్థాయిలోనే పరిష్కరించాను. ఇరవై నిమిషాలు పట్టింది. నా వృత్తి జీవితంలో ఆలోచించి పెట్టిన సంతకాలు అవే.

పురుషోత్తం గారి ఫోన్ వారం తర్వాత వచ్చింది. "అందరిలోనూ ఒకే రాగం బయటపడినట్టు చూపిస్తున్నది?"

"బయటపడింది సార్."

"సంతృప్త స్థాయి?"

"నూరు శాతం సార్."

డైరీ పేజీలు తిప్పిన చప్పుడు వినపడింది. తర్వాత, ఏకరాగ పాఠశాల అన్న భావన రాష్ట్రంలోనే మొదటిదని, దాని మీద నాలుగు పేజీలు రాసి పంపమని అన్నారు. నా పునరుద్ధరణ కూడా వచ్చింది. అందులో నా పేరు తప్పు పడింది, అలాగే దాచుకున్నాను.

ఇప్పుడు ముప్పై ఎనిమిది మందీ శ్రుతిపెట్టె ముందు కూర్చుని సరిగమలు పాడుతున్నారు. ఏ బడిలోనైనా జూన్ రెండో వారంలో ఇక్కడే ఉంటారు. మేం జనవరికి చేరుకున్నాం. ఒక్కటే చిక్కు. ఇన్ని రోజులు కొమురమ్మ పాటే విన్నారు కాబట్టి అందరి గొంతులూ అదే దారి పట్టాయి. ముప్పై ఎనిమిది మందీ వాగు అవతలి మందను పిలుస్తున్నారు. హారికకు ఒకప్పుడు వచ్చిన స్వరం కూడా ఇప్పుడు రావడం లేదు.

నేను కొమురమ్మ పక్కనే చాప మీద కూర్చుంటున్నాను. స్వరానికొక మెట్టు చొప్పున అరచెయ్యి మోకాలి దగ్గర నుంచి భుజం దాకా ఎత్తి చూపిస్తున్నాను. ఆ పిల్ల నా చేతినే చూస్తూ పాడుతుంది. పందొమ్మిది రోజులు ఏమీ జరగలేదు. నిన్న మధ్యాహ్నం "గ" దగ్గర ఆమె గొంతు కొంచెం, చీమంత, పైకి జరిగింది. వెనకాల ముప్పై ఏడు గొంతులూ జరిగాయి. దీన్ని ఏ అనుబంధంలో చూపాలో నాకు తెలియదు. ఎవరైనా అడగకముందే "మ" మీదికి వెళ్లిపోయాం.